రెండు స్లాట్ల బోర్డు

డి.డి.ఆర్. ఫైవ్ అనే కొత్త రకం మెమరీ నెల్లూరు షాపుల్లోకి వచ్చిన రెండో ఏడాది వేసవిలో, నేను ట్రంకు రోడ్డు మీదున్న ఒక కంప్యూటర్ సంస్థలో సర్వీస్ ఇన్‌ఛార్జిగా ఉన్నాను. ట్రైనీగా చేరి, టెక్నీషియన్, సీనియర్ ఇంజనీర్ మెట్లు దాటి చేరుకున్న హోదా అది. రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను. కింది అంతస్తులో అమ్మకాలు, పై అంతస్తులో మా సర్వీస్ విభాగం. పాడైన కంప్యూటర్ పైకి వస్తే ముందు జాబ్‌కార్డు రాయాలి. కస్టమర్ చెప్పిన ఫిర్యాదు కస్టమర్ మాటల్లోనే రాసి, దాని కింద మా అనుమానం రాస్తాం. ఆ తర్వాత మార్పిడి పరీక్ష. అనుమానం ఉన్న భాగాన్ని తీసి, బాగున్నదని తెలిసిన భాగం పెట్టి చూడటమే ఆ పరీక్ష. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే రోగం కుదిరినా ఏ మందుకు కుదిరిందో తెలియదు.

మా ప్రాంతంలో ఇంకొక సంగతి ఉంది. సముద్రం ఒడ్డునున్న మైపాడు వైపు నుంచి వచ్చిన ఏ కంప్యూటర్ విప్పినా మా కళ్ళు ముందు పచ్చటి చిలుము కోసం వెతుకుతాయి. ఉప్పుగాలి రాగి గీతలను తినేస్తుంది. సగం కేసులు అక్కడే తేలిపోయేవి. నేను చెప్పబోయే కేసులో చిలుము లేదు, కాలిన వాసన లేదు, పగిలిన భాగమూ లేదు. అన్నీ బాగున్నాయి, కానీ కంప్యూటర్ మాత్రం అబద్ధం చెబుతోంది.

ఆ కంప్యూటర్ హేమలతది. కోవూరులో మేము వెళ్ళే చర్చికే ఆమె కూడా వస్తుంది. సివిల్ డిప్లొమా చదివి, కొన్నాళ్ళు ఒక సర్వే కంపెనీలో పనిచేసి, తర్వాత సొంతంగా డ్రోన్ కొనుక్కొని సర్వేలు చేస్తుండేది. డ్రోన్ పైనుంచి ఒకే చోటును ఒకదాని మీద ఒకటి పడేటట్టు వేలకొద్దీ ఫొటోలు తీస్తుంది. వాటిని ఒక సాఫ్ట్‌వేర్ కలిపి, నేల ఎత్తుపల్లాలతో సహా పటం తయారుచేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు మెమరీ ఎంత ఉన్నా చాలదు. అందుకని హేమలత తన పనికి సరిపడేటట్టు భాగాలన్నీ విడివిడిగా తెప్పించుకొని, ఇంట్లో భోజనాల బల్ల మీద తానే కంప్యూటర్ బిగించుకుంది.

ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తుంటే ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"ప్రమీలక్కా, ఫొటో కార్డులో చూస్తే బాగుండాది. కంప్యూటర్లోకి ఎక్కించినాక చూస్తే మధ్యలో గులాబీ రంగు చార పడతాంది."

"అన్ని ఫొటోల్లోనా?"

"అన్నిట్లో కాదక్కా. ఎక్కడో ఒకటీ అరా. దాన్ని మళ్ళా కాపీ చేస్తే అది బాగానే వస్తాది, ఈసారి ఇంకోటి చెడతాది. పటం చేసే పని మొదలుపెడితే సగంలో ఆగిపోతాంది. విండోస్ రెండుసార్లు మార్చినా."

చెడిపోయే ఫొటో ప్రతిసారీ మారుతోందంటే తప్పు ఫొటోలో లేదు, డిస్కులో ఉండే అవకాశమూ తక్కువ. కార్డు నుంచి డిస్కుకు వెళ్ళే దారిలో ఎక్కడో అక్షరాలు తారుమారవుతున్నాయి. ఆ దారిలో పెద్ద మజిలీ మెమరీ. నాకు వెంటనే వచ్చిన ప్రశ్న వేరు.

"ఆ కార్డులు ఎక్కడున్నాయి ఇప్పుడు?"

"బ్యాగులోనే ఉండాయి. రేపు బుచ్చిలో ఇంకో సర్వే ఉండాది, పొద్దున్నే ఖాళీ చేసుకొని పోదామని..."

"వాటిని ముట్టుకోవద్దు. రేపటికి వేరే కార్డులు కొనుక్కో. ఆ కంప్యూటర్లో ఇక ఏమీ కాపీ చెయ్యొద్దు."

ఆమె మొహం తెల్లబోయింది. ఆ ఫొటోలు ఎందుకంత ముఖ్యమో అప్పుడు చెప్పింది.

కోవూరుకు తూర్పున సముద్రం ఒడ్డున ఒక చేపల పల్లె ఉంది. ఊరి పక్కనుంచి ఉప్పుటేరు పారి సముద్రంలో కలుస్తుంది, ఆ కలిసే చోటే మొగ. పడవలన్నీ ఆ ఏటి గుండానే లోపలికి వచ్చి ఒడ్డుకు చేరాలి. ఏరు పూడిపోయి, పాటు సమయంలో, అంటే నీళ్ళు వెనక్కి పోయినప్పుడు, పడవలు మొగ దగ్గరే నిలబడిపోయేవి. పట్టిన చేపలు ఎండలో మెత్తబడేవి. ఎన్నో అర్జీల తర్వాత ఆ ఊరికి రేవు, దాని ముందు కాలవ తవ్వకం మంజూరైనాయి. ఇంజనీర్లు స్థలం ఖాయం చెయ్యడానికి జూన్‌లో వస్తున్నారు. వాళ్ళ దగ్గరున్న పాత నక్షాలో రేవు దక్షిణపు గట్టున ఉంది. ఊరివాళ్ళేమో అది ఇసక మేట వేసే గట్టు, ఉత్తరపు గట్టున కట్టండి అంటున్నారు. ఊరి పెద్ద ఏకాంబరం అడిగితే ఇంజనీర్లు న్యాయమైన మాటే చెప్పారు: ఎత్తుపల్లాలు కొలిచిన పటం చూపించండి, మారుస్తాం అని. ఊరంతా కలిసి ఆ పని హేమలతకు అప్పజెప్పింది. ఆమె అనుమతులు తీసుకొని, వేసవి చివర నీళ్ళు బాగా తగ్గిన రోజులు చూసి, ఇసక దిబ్బలు బయటపడ్డప్పుడు ఫొటోలు తీసింది. వానలు పడితే ఆ దిబ్బలు మళ్ళీ వచ్చే ఏడాదిదాకా కనపడవు.

"ఆ ఊళ్ళో ఆడోళ్ళు నా చేతులు పట్టుకొని చెప్పినారక్కా, నువ్వే మా సాక్షివని. ఇప్పుడు పటం లేదని ఎట్టా చెప్పేది నేను?" అంది హేమలత.

మరునాడు ఆమె సర్వేకు వెళ్తూ కంప్యూటర్‌ను మా దగ్గర దించింది. మా ప్రొప్రైటరు రమణయ్య గారికి అది నచ్చలేదు. బయట కట్టిన కంప్యూటర్లను మేము తీసుకోకూడదని లేదు గాని, మన కస్టమర్ల పని అయ్యాకే చూడాలని నియమం. ఆయన మెట్లెక్కి వచ్చి, తలుపు తీసి ఉన్న ఆ పెట్టెలోకి తొంగిచూసి, "ఇంట్లో కూర్చోని బిగించుకున్నవన్నీ ఇట్టాగే వొస్తాయి ప్రమీలమ్మా. మన దగ్గర కొన్నది కాదు గదా, మనకెందుకు?" అన్నారు. నేను పల్లె సంగతి చెప్పాను. ఆయన "సరే, మన జాబ్‌లు ఆగకుండా చూసుకో" అని దిగిపోయారు.

ముందుగా హేమలత చేతిపనిని చూశాను. ప్రాసెసర్ మీద ఫ్యాను సమంగా కూర్చుంది. వైర్లు వెనకనుంచి తెచ్చి కట్టింది. మెమరీ స్టిక్కులు నాలుగూ చివరిదాకా దిగి, కొక్కేలు పడి ఉన్నాయి. మా ట్రైనీలకు చూపించదగ్గ పని. పవర్ సప్లై మార్చి చూశాను, తేడా లేదు. డిస్కు మార్చినా తేడా లేదు. అప్పుడు మెమరీకి వచ్చాను.

మెమరీ పరీక్షించడానికి ఒక ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, విండోస్‌ను లేపకుండానే నడుపుతాం. అది మెమరీలో ప్రతి గదిలోనూ ఒక గుర్తు రాస్తుంది, తిరిగి చదువుతుంది, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. అలా రకరకాల గుర్తులతో గంటలకొద్దీ తిరుగుతుంది. ఒక్క తప్పు వచ్చినా ఆ మెమరీ మీద నమ్మకం పెట్టకూడదు. వేల కోట్ల గుర్తుల్లో ఒకటి తప్పితే ఏమవుతుందని కొందరు అంటారు. ఆ ఒక్కటే ఫొటోలో గులాబీ చార అవుతుంది. పటంలో అది లేని దిబ్బ కూడా కావచ్చు.

నాలుగు స్టిక్కులతో పరీక్ష పెడితే మధ్యాహ్నానికే తెర మీద ఎర్ర గీతలు వచ్చాయి. ఇక చెడ్డ స్టిక్ ఏదో పట్టుకోవడమే మిగిలిందనుకున్నాను. ఒక్కొక్కదాన్నే పెట్టి చూశాను. నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. రెండేసి చొప్పున, ఏ జతగా కొన్నారో ఆ జతగా పెట్టాను. రెండు జతలూ శుభ్రమే. నాలుగూ కలిపి పెడితే మళ్ళీ ఎర్ర గీతలు.

ఇలాంటి చోటే సర్వీస్ ఇంజనీర్లు తికమకపడతారు. పాడైన భాగం ఒక్కటీ లేదు. కొత్తది తెచ్చి పెట్టాలంటే దేన్ని తీసి పెట్టాలి?

డి.డి.ఆర్. ఫైవ్ చాలా వేగంగా నడుస్తుంది. ప్రాసెసర్ నుంచి మెమరీ దాకా, భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డులో వెంట్రుకలాంటి రాగి గీతలు పోతాయి. మామూలు బోర్డులో అవి రెండు పాయలు. నాలుగు స్లాట్ల బోర్డులో ఒక్కో పాయ మీద రెండు స్లాట్లు, అంటే స్టిక్కులు దిగే గాడులు, ఉంటాయి. ఒకే పంటకాలవ మీద రెండు తూములు పెట్టినట్టు. ఒకటే తెరిస్తే నీళ్ళు నిలకడగా పారతాయి. రెండూ ఒక్కసారి తెరిస్తే వడి చెదురుతుంది. పాత రకం మెమరీల వేగానికి ఈ చెదురు లెక్కలోకి రాలేదు. కొత్తదాని వేగానికి వచ్చింది. పైగా హేమలత రెండు జతలనూ కొన్ని నెలల తేడాతో కొంది. పేరు ఒకటే, అట్టపెట్టె ఒకటే. లోపలి చిప్పులు మాత్రం వేరు వేరు తయారీలు. ఆ రెండు జతలకూ ఒకే నడక నేర్పడం ఆ బోర్డు వల్ల కాలేదు.

అయినా బోర్డును వెంటనే తీసెయ్యలేదు. ముందు బయోస్‌ను కొత్తది చేశాను. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే విండోస్ కంటే ముందు లేచి, ఏయే భాగాలున్నాయో చూసుకొని, మెమరీని ఏ వేగంతో నడపాలో నిర్ణయించేది బయోస్. బోర్డు తయారీదారు అప్పుడప్పుడు దాన్ని సవరించి ఇస్తుంటాడు. కొత్త బయోస్ వేసి, మెమరీ వేగం కూడా తగ్గించి పరీక్ష పెడితే ఒక చుట్టు తప్పు లేకుండా తిరిగింది.

అప్పటికి హేమలత వచ్చి ఉంది. "అయిపోయిందా అక్కా? తీసకపోదునా?" అని లేచి నిలబడింది. ఇంకొక చుట్టు తిరగనిమ్మన్నాను. ఆమె కూర్చుంది గాని కూర్చున్నట్టు లేదు. రెండో చుట్టు చివర ఒకే ఒక్క ఎర్ర గీత పడింది.

"ఒక్కటే గదక్కా."

"ఆ ఒక్కటి ఏ దిబ్బ మీద పడుతుందో నువ్వు చెప్పగలవా?"

ఒక జత తీసేసి మిగతా జతతోనే నడుపుకోవచ్చు, కానీ అంత తక్కువ మెమరీతో ఈ పటం పూర్తికాదని ఆమె ముందే చూసి ఉంది. పెద్ద స్టిక్కులు రెండు తెచ్చి పెడదామంటే, నలభై ఎనిమిది జీబీల స్టిక్కులు అప్పుడే కొత్తగా వచ్చాయి. వాటిని గుర్తుపట్టే బయోస్‌ను ఆ బోర్డు తయారీదారు ఇంకా ఇవ్వలేదు. ఎప్పుడిస్తాడో చెప్పలేదు కూడా.

కాబట్టి బోర్డు మార్చాలి. ప్రాసెసర్ మంచిదే, అది ఉంటుంది. దానికి సరిపడే సాకెట్ ఉన్న బోర్డుల్లో ఏది?

కింద అమ్మకాల విభాగంలో ఈ ప్రశ్న వేస్తే ఎవరైనా ముందు స్లాట్లు లెక్కపెట్టేవారు. నాలుగుంటే పెద్ద బోర్డు, రెండుంటే చిన్న బోర్డు. రేపు మెమరీ పెంచుకోవాలంటే చోటుండాలి కదా అనేది అందరూ చెప్పే మాట. నేను రెండు స్లాట్ల బోర్డునే ఎంచుకున్నాను. రెండే స్లాట్లయితే ఒక్కో పాయ మీద ఒక్కటే ఉంటుంది, గీతలు పొట్టిగా ఉంటాయి, వడి చెదరదు. రెండు పెద్ద స్టిక్కులు పెడితే తొంభై ఆరు జీబీలవుతుంది. హేమలత పాత నాలుగింటి మొత్తం కంటే అది ఎక్కువ.

ఆ జాతి బోర్డులు నాలుగైదు పరిశీలించాను. ప్రతి తయారీదారూ తన బోర్డు మీద ఏయే మెమరీలు నడిపి చూశాడో ప్రకటిస్తాడు. అందులో మనకు కావలసిన స్టిక్ పూర్తి నంబరుతో, చివరి అక్షరం దాకా కలవాలి. ఎన్ని స్టిక్కులతో నడిపి చూశాడో కూడా కలవాలి. ఒకదానితో నడిచిందని రాసి ఉంటే రెండింటికి అది హామీ కాదు. ఇంకొకటి, ఆ బోర్డుకు బయోస్ సవరణలు క్రమంగా వస్తున్నాయా అని చూశాను. అమ్మేసి మరిచిపోయిన బోర్డు ఎంత అందంగా ఉన్నా నాకు పనికిరాదు. ఈ జల్లెడలో చివరికి ఒక్క బోర్డు నిలిచింది. చిన్నది, మెరుపులు లేనిది, ఎవరూ అడగనిది.

రమణయ్య గారు ఒప్పుకోలేదు.

"నాలుగు స్లాట్లది తీసేసి రెండు స్లాట్లది పెడతానంటావా? నాలుగు గదుల ఇల్లు ఖాళీ చేయించి రెండు గదుల ఇంట్లో పెట్టినట్టుండాది. రేపు ఇదీ ఆగిపోతే ఆ పాప మన షాపు ముందర నిలబడతాది."

"ఆగిపోతే నా పేరు చెప్పండి సార్. జాబ్‌కార్డు మీద నా సంతకమే ఉంటుంది."

ఆయన హేమలత వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అని అడిగారు. ఆమె బోర్డు బొమ్మను తెర మీద చూస్తూ, "అక్క రెండుసార్లు పరీక్ష పెట్టకపోతే నేను తప్పు పటం తీసకపోయుండేదాన్ని అన్నా. అక్క చెప్పిందే తెప్పించండి" అంది.

మాకు సరుకంతా చెన్నై నుంచి వస్తుంది. బోర్డు, మెమరీ జత మరునాటి పార్సిల్లో వచ్చాయి. మెమరీ పెట్టె తిప్పి నంబరు చూశాను. చివరి రెండు అక్షరాలు వేరుగా ఉన్నాయి. చెన్నై డీలరుకు ఫోన్ చేస్తే, అన్నీ ఒకటే మేడమ్, స్టిక్కర్ మాత్రమే తేడా అన్నాడు. అన్నీ ఒకటే అయితే నేనడిగిన స్టిక్కర్‌దే పంపడానికి అభ్యంతరం ఏమిటని అడిగాను. పెట్టె సీలు విప్పకుండా తిప్పి పంపేశాను. ఆరోజు మధ్యాహ్నం నెల్లూరులో మొదటి వాన పడింది. హేమలత మా కిటికీ దగ్గర నిలబడి ఆ వానను చూస్తూ ఉండిపోయింది. ఏటిలో దిబ్బలు మునిగిపోతుంటాయని నేనూ అనుకున్నాను, ఆమెతో అనలేదు.

సరైన జత వచ్చిన రోజు పొద్దున్నే పని మొదలుపెట్టాను. బోర్డు ఫ్యాక్టరీ నుంచి పాత బయోస్‌తో వచ్చింది. దానికి వెనకవైపు ఒక చిన్న మీట ఉంది. ప్రాసెసర్, మెమరీ ఏవీ పెట్టకుండానే, పెన్‌డ్రైవ్ గుచ్చి ఆ మీట నొక్కితే కొత్త బయోస్ ఎక్కుతుంది. ఆ బోర్డును ఎంచుకోవడానికి ఆ మీట కూడా ఒక కారణం. దీపం మిణుకుమిణుకుమని ఆగింది. ప్రాసెసర్ దించాను, రెండు స్టిక్కులు దించాను, ఫ్యాను బిగించి ఆన్ చేశాను.

ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది. అలాగే ఉండిపోయింది.

రమణయ్య గారు అప్పుడే పైకి వచ్చారు. తెర చూసి, నన్ను చూసి, "చచ్చిందా?" అన్నారు.

"లేదు సార్. నేర్చుకుంటా ఉంది."

డి.డి.ఆర్. ఫైవ్‌లో ఇదొక తతంగం. కొత్త మెమరీ పెట్టి మొదటిసారి ఆన్ చేసినప్పుడు, బోర్డు ఆ స్టిక్కులకు ఏ వేగం, ఏ ఒత్తిడి సరిపోతాయో ఒక్కొక్కటే ప్రయత్నించి చూసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. మెమరీ ఎంత పెద్దదైతే అంత ఆలస్యం. అంతసేపూ తెర మీద ఏమీ కనపడదు. సంగతి తెలియనివాళ్ళు ఆపి మళ్ళీ ఆన్ చేస్తారు, అది మొదటికి వస్తుంది. అలా ఆపి ఆపి మంచి బోర్డులను చెడ్డవని వెనక్కి పంపినవాళ్ళున్నారు. రమణయ్య గారి చెయ్యి స్విచ్ మీదికి పోతుంటే నా అరచెయ్యి దానికి అడ్డం పెట్టాను. ఆయన నావైపు చూశారు గాని కోప్పడలేదు. హేమలత కుర్చీ వెనక నిలబడి ఉంది. కింద ఎవరో బిల్లు అడుగుతున్న మాటలు వినపడుతున్నాయి.

తెర వెలిగింది. మెమరీ అన్నచోట తొంభై ఆరు జీబీలు, కింద మేము కోరిన పూర్తి వేగం.

"వచ్చినాదే!" అన్నారు రమణయ్య గారు. ఆ "దే"లో నా ముందు ఓటమి ఒప్పుకోవడం ఉంది. నాకు అది చాలు.

నేను పరీక్ష పెట్టి వదిలేశాను. సాయంత్రం షాపు మూసేటప్పటికి శుభ్రంగా తిరుగుతోంది. మరునాడు పొద్దున తాళం తీసి పైకి వెళ్ళేసరికి ఇంకా తిరుగుతూనే ఉంది, ఒక్క తప్పు లేదు. అప్పుడు హేమలతను పిలిచి కార్డులు తెమ్మన్నాను. ఫొటోలన్నీ ఎక్కించి, కార్డులో ఉన్నదీ డిస్కులో ఉన్నదీ అక్షరం అక్షరం సరిపోల్చే ప్రోగ్రాంతో రెండుసార్లు పోల్చాము. అన్నీ కలిశాయి. ఆమె గులాబీ చారల కోసం ఇంకా నమ్మకం కుదరక ఫొటోలు ఒక్కొక్కటే తిప్పుతోంది. ఇక చాలు, ఇంటికి తీసుకెళ్ళి పని మొదలుపెట్టమన్నాను.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. "అక్కా, పూర్తయింది. ఏరు మొత్తం వచ్చినాది. ఎక్కడా తెగలేదు. నువ్వు రావాలి, చూడాలి" అంది.

ఇంజనీర్లు వచ్చిన రోజు నేను సెలవు పెట్టి ఆమెతో పల్లెకు వెళ్ళాను. ఇంజనీర్లు ప్రశ్నలు వేస్తే అప్పటికప్పుడు లెక్కతీసి చూపించాలని, అంత పెద్ద నమూనాను ల్యాప్‌టాప్ మోయలేదని, హేమలత ఆ కంప్యూటర్‌నే ఆటోలో పెట్టించుకొచ్చింది. ఊరి తుపాను షెల్టర్‌లో బల్ల వేసి దాన్ని పెట్టాము. ఊరంతా అక్కడే ఉంది. వలలు బాగుచేసుకునేవాళ్ళు వాటిని ఒళ్ళో పెట్టుకొనే కూర్చున్నారు.

ఏకాంబరం పెద్ద మనిషి, పొడుగరి. గొంతు మాత్రం తగ్గించి మాట్లాడతాడు. ఇంజనీర్లలో పై అధికారి, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, రాగానే ఏకాంబరం ఎదురువెళ్ళి, "అయ్యా, దక్షిణం గట్టున కట్టినారంటే రెండు వానాకాలాలకు ఇసక కప్పేస్తాది. మేం నోటితో చెప్తే కాదన్నారు గదా. ఈ పాప కొలిచి తెచ్చినాది, చూడండి" అన్నాడు.

హేమలత తెర మీద ఏటిని తిప్పి చూపింది. ఎత్తు తక్కువ ఉన్నచోట నీలం, ఎక్కువ ఉన్నచోట పసుపు. దక్షిణపు గట్టు వెంట పసుపు రంగు పరుచుకొని ఉంది. ఉత్తరపు గట్టు కింద నీలం పాయ మొగదాకా తెగకుండా పోయింది. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కుర్చీ ముందుకు లాక్కొని, ఇక్కడ అడ్డంగా కోసి చూపించండి, అక్కడ చూపించండి అని అడిగాడు. హేమలత గీత గీసినచోటల్లా ఆ గీత వెంబడి నేల ఎత్తు తేలింది. కంప్యూటర్ ఒక్కసారి కూడా తడబడలేదు. నేను గోడ పక్కన నిలబడి ఆ ఫ్యాను చప్పుడే వింటున్నాను.

ఆయన కింది ఇంజనీరుకు నమ్మకం కలగలేదు. తప్పు కాదు, అది అతని పని. "ఫొటోల నుంచి వచ్చిన ఎత్తులు ఇవి. నేల మీద సరిచూడాల్సిందే సార్" అన్నాడు. అందరమూ గట్టు మీదికి నడిచాము. వాళ్ళు లెవెల్ పరికరం నిలబెట్టారు. నీళ్ళలో మునగని చోట్లు కొన్ని ఆ ఇంజనీరే ఎంచుకున్నాడు. ఏకాంబరం పంచె ఎగగట్టి, కొలతకర్ర పట్టుకొని ఒక్కోచోటికి వెళ్ళి నిలబడ్డాడు. ఇంజనీరు చదివిన అంకె, హేమలత కాగితం మీదున్న అంకె. మొదటి చోట వేలెడు తేడా. రెండో చోట అంతకంటే తక్కువ. మూడో చోట అసలు తేడా లేదు. ఆ తర్వాత అతను పరికరం మడిచేసి, "సరిపోయింది సార్" అని తన అధికారికి చెప్పి, హేమలత వైపు తిరిగి, ఏ కంప్యూటర్ మీద చేశారని అడిగాడు.

"నేనే బిగించుకున్నా సార్," అంది హేమలత. "బోర్డు మాత్రం అక్క ఎంచింది."

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అక్కడే నిలబడి పాత నక్షా మీద రేవు గుర్తును కొట్టేసి, ఉత్తరపు గట్టున కొత్త గుర్తు వేసి, సంతకం చేశాడు. ఆయన మనుషులు దక్షిణాన ముందే గుర్తుగా పాతి ఉంచిన కర్రలు పీకి, ఏరు దాటించి, ఉత్తరాన పాతారు. ఊరివాళ్ళు మొదట అరవలేదు. మొదటి కర్ర నేలలో దిగాకే ఒక్కసారిగా కేకలు లేచాయి. ఆడవాళ్ళు హేమలతను చుట్టుముట్టారు. ఒకామె ఆమె నెత్తిన మల్లెపూలు పెడుతుంటే, ఇంకొకామె నా చేతికి కూడా ఒక మూర అందించి, "నువ్వు గూడా పెట్టుకోమ్మా, నువ్వేం చేసినావో నాకు తెలవదు గానీ" అంది. పెట్టుకున్నాను. ఆ మధ్యాహ్నం ఏకాంబరం ఇంట్లో తిన్న చేపల పులుసు లాంటిది నేను ఎక్కడా తినలేదు.

రేవు ఉత్తరపు గట్టునే కట్టారు. కాలవ తవ్వారు. రిటైరయ్యాక ఒకసారి వెళ్ళి చూశాను. పాటు సమయంలో కూడా పడవలు వరసగా లోపలికి వస్తున్నాయి. హేమలత ఇప్పుడు మరో ఇద్దరు అమ్మాయిలకు పని నేర్పి, ముగ్గురూ కలిసి జిల్లా అంతా సర్వేలు చేస్తున్నారు. రమణయ్య గారు ఆ రెండు స్లాట్ల బోర్డులు తెప్పించి షోరూములో ముందు వరసలో పెట్టించారు. ఎవరైనా స్లాట్లు తక్కువని వెనకాడితే, పైకి వెళ్ళి ప్రమీలమ్మను అడగండని పంపేవారు.

పైకి వచ్చినవాళ్ళకు నేను చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో కంప్యూటర్ బిగించుకునేవారు మొదట బోర్డు కాదు, తమ పనికి ఎంత మెమరీ కావాలో తేల్చుకోవాలి. అంతా ఒకేసారి, ఒకే జతగా కొనాలి. ఆ జతను, ఆ నంబరుతో, అన్ని స్టిక్కులతో తయారీదారు నడిపి చూసిన బోర్డునే ఎంచుకోవాలి. ఆ బోర్డుకు బయోస్ సవరణలు ఇంకా వస్తున్నాయా అని చూసుకోవాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగా ఉంటే తొందరపడి ఆపకూడదు. చివరిగా, ఒక చుట్టు పరీక్ష తప్పు లేకుండా తిరిగిందని పనిలో పెట్టకూడదు, రెండోది కూడా తిరగాలి. హేమలత కేసులో కొత్త బయోస్ వేశాక పాత బోర్డు మొదటి చుట్టు నెగ్గింది. రెండో చుట్టు పెట్టకపోయి ఉంటే అది నెగ్గినట్టే లెక్క అయ్యేది.